నిప్పు లేని వంటావార్పు

పిల్లలకు నాయకత్వం నేర్పుతామని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఏటా ఏప్రిల్ రాగానే చైతన్యపురి మెయిన్ రోడ్డు పొడుగునా ఫ్లెక్సీలు లేస్తాయి. కోటు తొడుక్కున్న పిల్లవాడొకడు చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు, వాడి వెనక రాకెట్ ఎగురుతూ ఉంటుంది, కింద 'సమ్మర్ లీడర్‌షిప్ క్యాంప్, హైస్కూల్ విద్యార్థులకు మాత్రమే' అని రాసి ఉంటుంది. రోళ్లు పగిలే ఎండలో వాడికి కోటెందుకో, ఆ రాకెట్ ఎక్కడికి పోతుందో నేను ఎవరినీ అడగను. మెట్రో దిగి తల వంచుకుని ఇంటికి పోతాను. తల ఎత్తితే నోట్లోంచి తిట్లు వస్తాయి, పక్కన నడిచేవాళ్లు పిచ్చిదనుకుంటారు.

నేనూ అలాంటి క్యాంపులో చేరినదాన్నే. తొమ్మిదో తరగతి అయిపోయి పదిలోకి పోబోయే ఎండాకాలం అది. అంతకు ముందు దసరా రోజుల్లో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగింది. బస్సులు ఆగాయి, ఆఫీసులు ఆగాయి, బడులు నెలకు పైగా మూతపడ్డాయి. సమ్మె అయిపోయాక మా ప్రైవేటు బడి మా ఆదివారాలు మింగింది, రెండో శనివారాలు మింగింది, పండగ సెలవులు సగం మింగింది. అయినా కడుపు నిండలేదు. ఎండాకాలం ఒక్కటి మిగిలింది. ఎండాకాలంలో బడి నడపకూడదని సర్కారు ఆర్డరు ఉంటుంది కాబట్టి దానికి క్యాంపు అని పేరు పెట్టారు.

మాది కొత్తపేటలో రెండు గదుల కిరాయి ఇల్లు. తాత పోచంపల్లి పక్క ఊళ్లో చీరలు నేసేవాడు. నాయిన దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణంలో ఆ చీరలనే విప్పి చూపించే సేల్స్‌మన్. పొద్దంతా నిలబడి ఉండే పని. క్యాంపు సంగతి చెప్పగానే అమ్మ "ఎండల ఎందుకు, ఇంట్ల ఉండనియ్" అంది. నాయిన మాత్రం ఎగిరి గంతేశాడు.

"మైకుల మాట్లాడుడు నేర్పిస్తరంట బిడ్డ. నాకు కస్టమర్ ముంగట తప్ప ఏడ నోరు లేవదు. నువ్వన్న నేర్చుకో."

అప్పుడు ఊరంతా మైకులే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఎక్కడ చూసినా టెంటు, టెంటు కింద పరుపులు, పరుపుల మీద దండలు వేసుకుని రిలే నిరాహార దీక్షలో కూర్చున్న మనుషులు. ప్రతి పనివాళ్లకూ ఒక పోరాట కమిటీ, ఒక జేఏసీ. ఆటోవాళ్ల జేఏసీ, వకీళ్ల జేఏసీ, టైలర్ల జేఏసీ, మా నాయిన వాళ్ల బట్టల దుకాణాల వర్కర్ల జేఏసీ. ఎవరు మైకు పట్టుకున్నా జనం ఆగి వినేవాళ్లు. తన బిడ్డ కూడా మైకు పట్టుకోవాలని నాయినకు ఆశ పుట్టడంలో వింతేమీ లేదు. ఆ ఆశను ఫ్లెక్సీ వేసి అమ్మినవాళ్ల మీదే నా కోపమంతా.

క్యాంపుకు ట్రైనర్ అని ఒకాయన వచ్చాడు. చెవి నుంచి నోటి దాకా వంగిన మైకు పెట్టుకుని, మాటమాటకూ చప్పట్లు కొట్టించేవాడు. "లీడర్ ఎవరు?" అని అరిచేవాడు. "నేనే" అని మేం అరవాలి. చాలకపోతే మళ్లీ అరవాలి. అబద్ధమెందుకు, మొదటి రెండు మూడు రోజులు నాకు బాగా నచ్చింది. పొద్దున యోగా, తర్వాత స్టేజీ ఎక్కి మాట్లాడటం, మధ్యాహ్నం పాత సీడీల మీద రంగులు వెయ్యడం. చివరి వారంలో 'నిప్పు లేకుండా వంట' కూడా ఉంటుందన్నారు. పొయ్యి వెలిగించకుండా మరమరాలు, కీరా ముక్కలు, నిమ్మరసంతో ఏదో ఒకటి చేసి ప్లేటులో అందంగా పెట్టే ఐటం. అది లేని సమ్మర్ క్యాంపు ఆ రోజుల్లో లేదు.

అన్నిటికంటే పెద్ద సంగతి ఢిల్లీ. దేశం నలుమూలల నుంచి హైస్కూలు పిల్లలు వచ్చే నాయకత్వ శిబిరం ఒకటి ఢిల్లీలో ఉందట. మా క్యాంపులో బెస్ట్ లీడర్‌ను ఎంచి, ఆ ఒక్కరిని అక్కడికి పంపుతామని మా బడి యజమాని కరస్పాండెంట్ సారు ప్రకటించాడు. రైల్లో పోవడం, వారం రోజులు ఉండటం, వేరే రాష్ట్రాల పిల్లలతో మాట్లాడటం.

ఆ మాట వినగానే నా పక్కన కూర్చున్న పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె పేరు ఇక్కడ రాయను. ఆ ఎండాకాలంలోనే మేమంతా ఆమెను కన్వీనర్ అని పిలవడం మొదలుపెట్టాం, నేనూ అలాగే పిలుస్తాను. వాళ్ల నాయిన ఎల్బీనగర్ నుంచి అబ్దుల్లాపూర్‌మెట్ దాకా సెవెన్ సీటర్ ఆటో నడిపేవాడు. ఆమె అప్పటికి రైలు ఎక్కలేదు. నల్గొండ దగ్గర వాళ్ల ఊళ్లో తప్ప ఇంకెక్కడా రాత్రి పడుకోలేదు.

"ఏ లీడర్‌ను చూసినా తెలంగాణ కోసం ఢిల్లీ పోయొస్తం అంటరు, పోయి ఉత్త చేతులతోటి వస్తరు" అంది నా చెవిలో. "నేను పోయి చూసొస్తనే, అసలు ఆడ ఏమున్నదో."

ఆ రోజు నుంచి ఆమెకు వేరే ధ్యాస లేదు. మాకు కూడా అనుమానం లేదు. మాలో బెస్ట్ లీడర్ ఆమే అని ట్రైనర్‌తో సహా అందరికీ తెలుసు.

నాలుగో రోజు పొద్దున యోగా తియ్యలేదు. మమ్మల్ని జతలుగా నిలబెట్టి, ఒక్కో జతకు ఒక్కో కట్ట పాంప్లెట్లు ఇచ్చారు. మా బడి పాంప్లెట్లు. అడ్మిషన్లు జరుగుతున్నాయి, త్వరపడండి అని. "ఇది ఫీల్డ్ వర్క్" అన్నాడు ట్రైనర్. "తెలియని మనిషి ఇంటి తలుపు కొట్టి మాట్లాడగలిగినవాడే లీడర్. ఏ జత ఎంతమంది పేరెంట్స్‌ను బడికి రప్పిస్తుందో చూస్తాం. ఢిల్లీకి అదే లెక్క."

అట్లా కొత్తపేట సందులు, చైతన్యపురి కాలనీలు, ఎల్బీనగర్ వెనక వీధులు అన్నీ తిరిగాం. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెడితే ఎండ నడినెత్తికి వచ్చేదాకా. మామిడిపండ్ల సీజను కాబట్టి పండ్ల మార్కెట్ దగ్గర లారీలు రోడ్డంతా నిలిచిపోయేవి, వాటి ఇంజన్ల వేడి మధ్యలోంచి దాటేవాళ్లం. గేటు కొడితే కుక్కలు మొరిగేవి. కొందరు మమ్మల్ని చూడగానే "చందాకొచ్చిండ్రా?" అని అడిగేవాళ్లు. ఇంకొందరు "మళ్ల బందా ఏంది రేపు?" అని పరేషాన్ అయ్యేవాళ్లు. తిరిగొచ్చాక సీడీలూ లేవు, రంగులూ లేవు. మధ్యాహ్నమంతా పదో తరగతి లెక్కలు చెప్పేవాళ్లు.

నాయకత్వమట. జీతమిచ్చి పెట్టుకోవాల్సిన మనుషుల పని, మా అమ్మానాన్నల దగ్గరే ఫీజు తీసుకుని మాతో చేయించుకున్నారు. ఇంత తెలివి ఎవరికొచ్చిందో గాని, వాడు మాత్రం నిజంగానే లీడరు.

కన్వీనర్ ఆ పని కూడా అందరికంటే బాగా చేసింది. ఆంధ్ర వాళ్ల ఇల్లయితే "అండీ" అనేది, మా వాళ్ల ఇల్లయితే "పెద్దమ్మా, జర ఒక్క నిమిషం" అనేది. మూసిన తలుపులు కూడా తెరిపించేది. ఆమె జత రప్పించినంతమందిని ఇంకే జతా రప్పించలేదు. ఇంకొన్ని రోజులు నోరు మూసుకుని తిరిగి ఉంటే ఢిల్లీ ఆమెదే. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

మా బెంచీలో మూడో పిల్ల గుంటూరు వాళ్లది. దిల్‌సుఖ్‌నగర్‌లోనే పుట్టింది, ఇంట్లో మాత్రం వాళ్ల మాటే. మెత్తటి పిల్ల, గట్టిగా నవ్వాలన్నా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఒకరోజు ఎల్బీనగర్ వెనక కాలనీలో ఒక ఇంటి ముందు గేటు పట్టుకుని నిలబడి, అలాగే జారి కింద పడిపోయింది. కళ్లు పైకి పోయాయి. పాంప్లెట్లు రోడ్డంతా చెదిరాయి. ఆ ఇంటావిడ పరుగెత్తుకొచ్చి నీడకు లాగి, తల మీద నీళ్లు పోసి, "గీ ఎండల పిల్లలను ఎవడు తోలిండు?" అని తిట్టింది. వెంట ఉండాల్సిన ట్రైనర్ చెట్టు కింద కారులో ఏసీ వేసుకుని ఫోన్ మాట్లాడుతున్నాడు. దవాఖానలో ఆ పిల్లకు గ్లూకోజ్ ఎక్కించారు.

మర్నాడు ఫీల్డ్ వర్క్ ఆపుతారనుకున్నాం. ఆపలేదు. టోపీలు ఇచ్చారు. టోపీల ముందు మా బడి పేరు, వెనక ఫోన్ నంబరు అచ్చు వేయించారు. "లీడర్స్ ఎండకు భయపడరు" అని ట్రైనర్ చప్పట్లు కొట్టించాడు.

ఆ రోజు తిరిగి వస్తుంటే దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తా దగ్గర టెంటు కనిపించింది. బళ్ల యజమానులు కూడా ఒక జేఏసీ పెట్టుకున్నారు, వాళ్ల వంతు దీక్ష ఆ రోజు. కూలర్ ముందు, బొద్దు పరుపు మీద, మెడలో బంతిపూల దండతో మా కరస్పాండెంట్ సారు కూర్చుని ఉన్నాడు. చేతిలో మైకు.

"విద్యార్థులారా, మీరే రేపటి నాయకులు" అంటున్నాడు. "అన్యాయం కనవడితే అడుగుండ్రి. నోరు తెరిచి అడిగినోడే లీడర్!"

జనం చప్పట్లు కొట్టారు. కన్వీనర్ కూడా కొట్టింది. టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఆయన్నే చూస్తూ నిలబడింది. ఆ మాటను ఆమె నిజమనుకుంది. పద్నాలుగేళ్ల పిల్ల, పెద్దమనిషి అందరి ముందు మైకులో చెప్పిన మాట నిజమనుకోకుండా ఇంకేం అనుకుంటుంది?

మర్నాడు వాటర్ ట్యాంకు నీడలో మేం జేఏసీ పెట్టుకున్నాం. నవ్వొస్తుంది కదా. మాకప్పుడు నవ్వు రాలేదు. ఏదైనా కావాలంటే జేఏసీ పెట్టుకోవాలని మాత్రమే మాకు తెలుసు, పుట్టి బుద్ధెరిగాక మేం చూసింది అదే. దానికో వరుస ఉంటుంది. మొదట వినతిపత్రం, తర్వాత నల్ల బ్యాడ్జీలు, తర్వాత రిలే దీక్ష, ఆ తర్వాత వంటావార్పు. సైన్సు సూత్రాల కంటే ఆ వరుసే మాకు బాగా వచ్చు. ఆమె కన్వీనర్, నేను కో-కన్వీనర్. డిమాండ్ ఒక్కటే పెట్టాలని ఆమె పట్టుబట్టింది. ఎండలో పాంప్లెట్లకు తిప్పడం ఆపాలి. లెక్కల క్లాసులు కూడా ఆపమని అడుగుదామని కొందరంటే "రెండు అడిగితే రెండూ పోతయ్" అంది.

వినతిపత్రం ట్రైనర్‌కు ఇచ్చాం. చదివి, "గుడ్ డ్రాఫ్టింగ్" అని తిరిగిచ్చాడు. అమ్మ బ్లౌజుల లైనింగ్ గుడ్డ కత్తిరించి నల్ల బ్యాడ్జీలు పెట్టుకున్నాం. ఎవరో పెద్దాయన పోయారనుకుని లెక్కల సారు మాకు సంతాపం చెప్పాడు. రిలే దీక్షకు ఇంట్లో అమ్మలు ఒప్పుకోలేదు. ఇంక మిగిలింది వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యి పెట్టి, అక్కడే వండి, అక్కడే కూర్చుని తిని, దారి ఆపేసే నిరసన. మా నాయినవాళ్లు ఎన్నిసార్లు చేశారో. కానీ బడిలో మాకు పొయ్యెవరిస్తారు?

"నిప్పు లేకుండ వంట ఉన్నది కదనే" అంది కన్వీనర్.

ఆ ఐటం రోజు అందరం గిన్నెలు, చాపలు తెచ్చుకున్నాం. పర్మిషన్ అడగాల్సిన పనే లేదు, క్యాంపువాళ్లే పెట్టిన ఐటం. తొమ్మిది కాకముందే బడి గేటుకు అడ్డంగా చాపలు పరిచి కూర్చున్నాం. కీరాలు తరిగాం, మామిడికాయ ముక్కలకు ఉప్పూకారం కలిపాం, మరమరాల్లో ఉల్లిగడ్డ వేశాం, బకెట్ నిండా నిమ్మకాయ షర్బత్ చేశాం. గుంటూరు పిల్ల కూడా వచ్చింది, వద్దంటే వినకుండా నిమ్మకాయలు పిండింది. ఆ రోజు పాంప్లెట్లకు ఏ జతా పోలేదు, బడి వ్యాను బయటికి పోలేదు. వాచ్‌మన్ తాత నవ్వుతూ వచ్చి మరమరాలు పెట్టించుకుని తిన్నాడు. మా అంత సంతోషంగా ఆ పొద్దు హైదరాబాద్‌లో ఎవరూ లేరు.

అప్పుడు కరస్పాండెంట్ సారు కారు వచ్చి గేటు ముందు ఆగింది.

ఆయన దిగి చూశాడు. గేటుకు అడ్డంగా పిల్లలు, గిన్నెలు, నల్ల బ్యాడ్జీలు. ఆయన ముఖం వెలిగిపోయింది. "శభాష్!" అన్నాడు. "గిది కదా చైతన్యమంటే! తెలంగాణ కోసం పిల్లలు గూడ వంటావార్పు!" చెప్పులు విడిచి మా చాప మీదే బాసింపట్లు వేసుకుని కూర్చున్నాడు. ట్రైనర్‌ను పిలిచి ఫొటో తియ్యమన్నాడు. నా గిన్నెలోంచే గుప్పెడు మరమరాలు తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

కన్వీనర్ లేచి నిలబడింది. ఆయన తమతో కూర్చున్నాడంటే ఒప్పుకున్నాడనే అనుకుంది. కళ్లు మెరుస్తున్నాయి. "విద్యార్థుల ఐక్యత" అని అరిచింది.

"వర్ధిల్లాలి!" అని ఆయన కూడా మాతో పాటు పిడికిలి ఎత్తాడు.

"బంద్ చెయ్యాలె, బంద్ చెయ్యాలె!"

"బంద్ చెయ్యాలె!"

"ఎండల పిల్లలను తిప్పుడు..."

ఆయన పిడికిలి గాల్లోనే ఆగిపోయింది. నోట్లో మరమరాలు నములుతూ మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు. ఆ తర్వాత నినాదానికి పిల్లలం మాత్రమే గొంతు కలిపాం. ఆయన లేచి, ప్యాంటు దులుపుకుని, చెప్పులు వేసుకుని లోపలికి పోయాడు.

మధ్యాహ్నానికల్లా మా ఇళ్లకు ఫోన్లు పోయాయి. కరస్పాండెంట్ సారే స్వయంగా చేశాడు. మా నాయినకు ఏం చెప్పాడో తెలుసా? "ఆంధ్ర పిల్ల ఒక్కతి కండ్లు తిరిగి పడ్డదని మన పిల్లలు వాళ్ల బతుకులు ఖరాబు చేసుకుంటుండ్రన్నా" అని. గుంటూరు పిల్ల వాళ్లమ్మకు ఏం చెప్పాడో తర్వాత ఆ పిల్ల నోటనే విన్నాను. "స్కూల్లో తెలంగాణ ధర్నా మొదలైందమ్మా, మీవాళ్ల పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోవాల్సిన బాధ్యత మాది" అని. ఒకే నోరు, ఒకే గంటలో. రెండు రకాల జనం పక్కపక్కనే బతికే చోట బడి పెట్టుకుని, రెండు వైపులా ఫీజులు తీసుకుంటూ, పిల్లలు కలిసి ఒక చాప మీద కూర్చునేసరికి ఆ చాపను మధ్యకు చింపేశాడు.

సాయంత్రం ఆఫీసు గదిలోకి అందరినీ పిలిచారు. కన్వీనర్ వాళ్ల నాయిన ఖాకీ చొక్కాతోనే వచ్చాడు, ఆటో రోడ్డు మీద వదిలి. గుంటూరు పిల్ల తల్లి కూతురి భుజం పట్టుకుని నిలబడింది.

"మీ పాప ఎండకే పడిపోయిందా?" అని కరస్పాండెంట్ సారు అడిగాడు, ఎంతో మెత్తగా.

ఆమె ఎవరి వంకా చూడలేదు. "లేదండీ. పొద్దున్న టిఫిన్ తినలేదండీ అది. ఎండేం కాదు. మాకేం గొడవలొద్దండీ, మా పిల్లని ఇందులోకి లాగొద్దని చెప్పండి చాలు."

ఆ పిల్ల ఏదో అనబోయింది. తల్లి భుజం నొక్కింది. అప్పుడు ఆ తల్లి మీద నాకు చంపేయాలన్నంత కోపమొచ్చింది. ఇప్పుడు రాదు. చౌరస్తాలో రోజూ నినాదాలు వింటూ, రేపేం జరుగుతుందోనని కిటికీలు వేసుకునే మనిషి ఆమె. ఆ భయాన్ని వెతికి పట్టుకుని వాడుకున్నవాడి మీద మాత్రం నా కోపం ఒక్క పిసరు కూడా తగ్గలేదు.

"క్రమశిక్షణ లేనోళ్లకు లీడర్‌షిప్ ఎట్లొస్తది?" అన్నాడాయన కన్వీనర్‌ను చూపిస్తూ. "టీసీ చేతుల పెడ్తే ఏ బడి తీసుకుంటదో చూస్తా."

వాళ్ల నాయిన రెండు చేతులు జోడించాడు. "చిన్నపిల్ల సారూ, తెల్వక చేసింది. పది అయ్యేదాక జర దయ చూడుండ్రి." ఆమె మాత్రం తల దించలేదు. "మీరే కద సారు, నోరు తెరిచి అడగమన్నది" అంది. ఆమె గొంతులో పొగరు లేదు. నిజంగానే అర్థం కాక అడిగింది. ఆయన "బయటికి నడువ్" అని అరిచాడు.

చివరికి తేల్చిందేమిటంటే, ఆమె పదో తరగతి అక్కడే చదువుకోవచ్చు, క్యాంపుకు మాత్రం రాకూడదు. ఢిల్లీ పేరు ఎవరూ ఎత్తలేదు. మర్నాటి నుంచి మేం టోపీలు పెట్టుకుని మళ్లీ పాంప్లెట్లకు పోయాం.

ముగింపు సభకు షామియానా వేశారు. ఎవరో చీఫ్ గెస్టును పిలిచారు. తల్లిదండ్రులందరూ వచ్చారు. నాయిన దుకాణం యూనిఫాం చొక్కాతోనే, సేటును బతిమాలుకుని వచ్చి, వెనక వరుసలో కూర్చున్నాడు. ట్రైనర్ చప్పట్లు కొట్టించి, కొట్టించి, బెస్ట్ లీడర్ పేరు చదివాడు. నా పేరు.

నేనేం చేశానని? ఎక్కువమందిని రప్పించింది నేను కాదు. బాగా మాట్లాడింది నేను కాదు. కో-కన్వీనర్‌ను లాగేసుకుంటే జేఏసీ కథ ముగుస్తుంది, అంతే. ఇలాంటివి పేపర్లో రోజూ చదివే ఊళ్లో పెరిగినదాన్ని, స్టేజీ మెట్లెక్కేలోపే నాకది తెలిసిపోయింది. వెనక నాయిన లేచి నిలబడి మరీ చప్పట్లు కొడుతున్నాడు.

చేతికి మైకు ఇచ్చారు. "నేను ఢిల్లీకి పోను సార్" అన్నాను. "ఇది నాది కాదు, నా ఫ్రెండ్‌ది. ఆమెకే ఇయ్యండి."

అలవాటు కొద్దీ ట్రైనర్ చప్పట్లు కొట్టాడు. వెంటనే కరస్పాండెంట్ సారు నా పక్కకు వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, నా చేతిలోని మైకు తీసుకున్నాడు.

"చూసిండ్రా? స్నేహితురాలి కోసం ఢిల్లీనే వదులుకుంటున్నది. త్యాగం! మా క్యాంపుల మేం నేర్పించే లీడర్‌షిప్ గిదే!"

జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఫొటోలు తీశారు. ఆ చప్పట్ల మధ్యే, క్యాంపుకు ఒక్కరోజు కూడా రాని కరస్పాండెంట్ సారు బామ్మర్ది కొడుకు ఢిల్లీకి పోతాడని ప్రకటించారు. ఇంటికి పోయాక నాయిన "నీ ఇష్టం బిడ్డ" అని మాత్రం అని, చొక్కా మార్చుకుని మళ్లీ దుకాణానికి పోయాడు.

మర్నాడు పొద్దున్నే ఎల్బీనగర్‌లో కన్వీనర్ ఇంటికి పరుగెత్తాను. ఆమె నన్ను పట్టుకుని ఏడుస్తుందనుకున్నాను. ఆమె వాకిట్లో ఆటో కడుగుతోంది. నేను చెప్పిందంతా విని, చేతిలోని గుడ్డను బకెట్లో విసిరికొట్టింది. నీళ్లు నా మీద చిందాయి.

"నన్ను అడిగినవా?"

"నీ కోసమే కదనే..."

"నా కోసం చెయ్యాలని కమిటీల అనుకున్నమా? మనం అనుకున్నది ఎండ గురించి. ఢిల్లీ గురించి కాదు." ఆమె ఒకడుగు ముందుకొచ్చింది. "నాకు ఢిల్లీ వద్దా ఏంది? నీకంటే ఎక్కువ కావాలె నాకు. కని మైకు నీ చేతిలకొచ్చిందే. అందరి అమ్మానాయినలు ఉండిరి. ఎండల తిప్పిండ్రు, పిల్ల పడ్డది, అడిగితే టీసీ ఇస్తమన్నరు, గీ మూడు మాటలు చెప్పనీకి ఎంతసేపు పడుతది? నన్ను పొగిడి వచ్చినవ్. వాళ్లకేం నష్టమైంది చెప్పు?"

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. గుడ్డ పిండి మళ్లీ ఆటో కడగడం మొదలుపెట్టింది. నేను చేసింది తప్పని నాకు ఈ రోజుకూ అనిపించదు. ఆమె అన్నది తప్పని కూడా అనిపించదు. పద్నాలుగేళ్ల పిల్లలం ఇద్దరం, ఎవరికి తోచింది వాళ్లం, భయపడుతూనే చేశాం. పెద్దవాళ్లు ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఆ షామియానా కింద లేచి "పిల్లల్ని ఎండలో ఎందుకు తిప్పారు?" అని అడిగి ఉంటే ఆ పొద్దు మా ఇద్దరికీ గొడవే ఉండేది కాదు. రాష్ట్రం కావాలని కోటి గొంతులతో అడిగిన ఊరు, ఈ ఒక్క ప్రశ్న అడగలేకపోయింది.

తర్వాతి వారం చిన్న క్లాసుల బ్యాచికి క్యాంపు మొదలైంది. మధ్యాహ్నం పూట మా గేటు చప్పుడైతే నేనే పోయి తీశాను. ఏడో తరగతి పిల్లలు ఇద్దరు, టోపీలతో. ముఖాలు కందిపోయి ఉన్నాయి. చిన్నమ్మాయి బట్టీ పట్టినట్టు "నమస్తే ఆంటీ" అని మొదలుపెట్టి, పాంప్లెట్ చేతికిచ్చి, ఆగిపోయింది. కొత్త పాంప్లెట్ అది. మధ్యలో పెద్ద ఫొటో. స్టేజీ మీద మైకు పట్టుకుని నేను, నా భుజం మీద చెయ్యి వేసి ఆయన. కింద 'త్యాగం నేర్పే లీడర్‌షిప్' అని ఎర్రటి అక్షరాలు.

ఆ పిల్ల నా ముఖం చూసింది, కాగితం చూసింది, మళ్లీ నా ముఖం చూసింది.

"అక్కా, గిది నువ్వే కదా?" అంది. "మంచిగ తిరిగితే నేను గూడ నీ లెక్క అయితనని సారు చెప్పిండు."